మాజీ సైనికుల సంఘం ఎందుకు పుట్టింది, ఎవరి కోసం నిలబడాలి

(మాజీ సైనికుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న, అమరులైన సైనికుల భార్యలైన వీరనారులకు, ఒకే లంగరులో, అంటే సైనిక వంటశాలలో, నాతో కలిసి అన్నం తిన్న సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారం.

ఏటా జనవరి 14న దేశమంతటా మాజీ సైనికుల దినం జరుపుతారు. మనకు ఆ రోజు భోగి గానీ సంక్రాంతి గానీ అవుతుంది కనుక, కనుమ దాటి, ఊళ్లకు వచ్చిన పిల్లలు తిరుగు ప్రయాణాలు కట్టిన తరువాతే మనం ఈ సభ పెట్టుకుంటున్నాం. ఆ తేదీని ఎంచుకోవడానికి కారణం కరియప్ప గారు. 1949 జనవరి 15న భారత సైన్యానికి తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్‌గా బాధ్యతలు తీసుకున్న ఆయన, 1953 జనవరి 14న పదవీ విరమణ చేశారు. ఆయన బాధ్యతలు తీసుకున్న రోజు సైనిక దినం అయింది, విరమించిన రోజు మాజీ సైనికుల దినం అయింది. విరమించిన తరువాత ఆయన విశ్రాంతిగా కూర్చోలేదు. సైన్యం నుంచి బయటికి వచ్చినవారిని ఒక గొడుగు కిందికి తేవాలని తిరిగి, 1964లో ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్‌ను నెలకొల్పారు. సర్వసేనాధిపతిగా పనిచేసిన మనిషికి అటువంటి సంఘం అవసరమని ఎందుకు తోచిందో ఆలోచిస్తే, ఈరోజు నేను చెప్పదలచిన విషయానికి దారి దొరుకుతుంది.

ఈ మధ్యాహ్నం సభ ముందుకు ఒక తీర్మానం వస్తోంది. మన నిబంధనావళిలో సభ్యత్వానికి సంబంధించిన వాక్యం "సైనిక పింఛను పొందుచున్న మాజీ సైనికులు, వారి వితంతువులు" అని మొదలవుతుంది. ఆ వాక్యాన్ని మార్చాలా వద్దా అన్నది తీర్మానం. ఓటు వేసే ముందు సంఘాల చరిత్రను, వాటి ప్రయోజనాన్ని ఒకసారి గుర్తు చేయమని కార్యవర్గం నన్ను కోరింది. నేను సైన్యంలో క్లర్కుగా పనిచేసినవాడిని. రైఫిల్ కంటే కలం, రిజిస్టరు పట్టుకున్న సంవత్సరాలే ఎక్కువ. కాబట్టి మన చరిత్ర నాకు ఎక్కువగా కాగితాల మీదుగానే తెలుసు. ఏ కాగితంలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేకుండా పోయింది అన్న దృష్టితోనే నేను దాన్ని చూస్తాను.

మొదటి పేరు మనదే. ఉత్తర భారతంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిని పద్దెనిమిదో శతాబ్దం నుంచి "తిలంగా" అని పిలిచేవారు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువారు ఎక్కువగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. తరువాత ఆ సిపాయి అవధ్ వాడైనా, బీహార్ వాడైనా, ఎర్రకోటు వేసుకున్న ప్రతివాడూ తిలంగాయే అయ్యాడు. ఒక జాతి పేరే ఒక వృత్తికి పేరుగా మారినంతగా తెలుగువాడు సైన్యంలో ఉండేవాడు.

అటువంటి చోట నూటపాతిక సంవత్సరాలు తిరిగేసరికి తెలుగువాడు యుద్ధానికి పనికిరాడన్న మాట పుట్టింది. 1857 తరువాత సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించిన ఆంగ్లేయ సేనానులు, ముఖ్యంగా 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, "యోధ జాతులు" అనే సిద్ధాంతాన్ని నెత్తికెత్తుకున్నారు. పంజాబు, వాయవ్య సరిహద్దు, నేపాలు ప్రాంతాలవారే సైనికులుగా పుట్టారని, దక్షిణాదివారు మెత్తబడిపోయారని వారి వాదం. దాని ఫలితంగా మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేయడమో, వాటి నంబరు అలాగే ఉంచి లోపల ఉత్తరాదివారిని నింపడమో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మిగిలిన మద్రాసు రెజిమెంటు బెటాలియన్లను కూడా ఖర్చు తగ్గించే పేరుతో 1923, 1928 మధ్య రద్దు చేశారు. సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాసు శాపర్లు మాత్రం నిలిచారు.

ఈ సంగతి మీకు ఎందుకు చెబుతున్నానంటే, పంజాబులోనో గఢ్వాల్‌లోనో ఒక ఊరికి వెళితే ఇంటికొక మాజీ సైనికుడు ఉంటాడు. తండ్రి, తాత, మేనమామ అదే రెజిమెంటువారు. సర్వీసు కాగితాలు ఉండే రికార్డు ఆఫీసు ఎక్కడో, ఎవరిని ఏమని అడగాలో అక్కడి ఇల్లాలికి కూడా తెలుస్తుంది. మన దగ్గర ఆ సంప్రదాయాన్ని మధ్యలో తెంపేశారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న మాధవరం వంటి ఊళ్లు, ఇంటింటి నుంచీ సైన్యానికి పంపి "మిలిటరీ మాధవరం" అని పేరు పొందిన ఊళ్లు, మనకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. మిగిలిన చోట్ల మండలానికి కొద్దిమంది, ఊరికి ఒక్కరు. ఆ ఒక్కడు ఒక్కో రెజిమెంటుకు, ఒక్కో కోర్‌కు చెందినవాడు. ఒకరి రికార్డులు జబల్‌పూర్‌లో ఉంటే ఇంకొకరివి బెంగుళూరులో, మరొకరివి సికింద్రాబాదులో ఉంటాయి. ఇటువంటి చోట ఊరు చేయవలసిన పనిని సంఘం చేయాలి. తెలుగునాట మాజీ సైనికుల సంఘానికి ఉత్తరాది కంటే ఎక్కువ పని ఉందని నేను అనడానికి కారణం ఇదే.

ఇక ప్రభుత్వం వైపు నుంచి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. వారి కుటుంబాల బాగోగులు చూడటానికి 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. ఈనాటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం అది. దాని కింద రాష్ట్రాల్లో సైనిక సంక్షేమ శాఖలు, జిల్లాల్లో కలెక్టరు అధ్యక్షతన సైనిక బోర్డులు ఉన్నాయి. మనం రోజూ మెట్లెక్కే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఆ వరుసలో చివరిది. మన కొత్త సభ్యుల్లో కొందరు బోర్డును, సంఘాన్ని ఒకటే అనుకుంటారు కనుక ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. బోర్డు ప్రభుత్వానిది. దానికి జీతాలు, జీవోలు, హద్దులు ఉంటాయి. సంఘం మనది. సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకుని, మన చందాతో మనం నడుపుకునేది. జీవోలో పేరు ఉన్నవాడు దరఖాస్తు పెట్టుకుంటే బోర్డు సాయం చేస్తుంది. దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతే తెలియనివాడి గుమ్మం ముందుకు వెళ్లవలసింది సంఘం.

రెండో ప్రపంచ యుద్ధం ఈ తేడాను బాగా చూపించింది. 1939లో సుమారు రెండు లక్షలు ఉన్న భారత సైన్యం 1945 నాటికి ఇరవై అయిదు లక్షలు అయింది. యోధ జాతుల సిద్ధాంతం ఆ అవసరం ముందు నిలవలేదు. రద్దయిన మద్రాసు రెజిమెంటును 1941లో మళ్లీ లేపారు. కోస్తా, రాయలసీమ కుర్రవాళ్లు బర్మా అడవుల్లో, ఉత్తర ఆఫ్రికా ఇసుకలో, ఇటలీ కొండల్లో పనిచేశారు. వారిలో డ్రైవర్లు, వంటవారు, రోడ్లు వేసేవారు, వైర్‌లెస్ పనివారు ఎందరో ఉన్నారు. యుద్ధం ముగిసింది. అవసరం తీరిన లక్షలాది మందిని రైలు వారంటు చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. వారి సర్వీసు మూడేళ్లు, నాలుగేళ్లు, మహా అయితే ఆరేళ్లు. పింఛనుకు పదిహేనేళ్లు కావాలి. అంటే ప్రపంచ యుద్ధం చేసి వచ్చిన మన తాతల్లో అత్యధికులకు జీవితాంతం సైనిక పింఛను లేదు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారి సంగతి ఇంకా కష్టం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా వారిని సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చేదాకా వారు ఎదురు చూడవలసి వచ్చింది.

మన పెద్దలు సంఘాలు పెట్టుకున్న కాలంలో సభ్యులు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. వారిలో ఎందరో పింఛను లేనివారే. పతకాలు ట్రంకు పెట్టెలో, డిశ్చార్జి పుస్తకం నూనెగుడ్డలో చుట్టి దూలం మీద. నా చిన్నతనంలో మా ఊళ్లో బర్మా యుద్ధం చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గర బర్మా స్టార్ పతకం ఉండేది. దాని రిబ్బను చీకిపోతే ఆయన భార్య తన పాత చీర అంచు కత్తిరించి కుట్టింది. జెండా పండుగనాడు ఆ ఎర్రంచు రిబ్బనుతోనే పతకం పెట్టుకుని బడికి వచ్చేవారు. చెరువు గట్టు మీద కూలికి వెళ్లి బతికిన మనిషి. ఆయన ఏ జాబితాలోనూ లేరు. ఈరోజు మనం చదువుకున్న సభ్యత్వ వాక్యం ప్రకారం ఆయన మన సంఘంలో చేరడానికి కూడా అర్హులు కారు. నేను సైన్యంలో చేరడానికి కారణమైన మనిషికి నా సంఘంలో చోటు లేదన్న సంగతి, ఆ నిబంధనను మొదటిసారి శ్రద్ధగా చదివినప్పుడు నన్ను చాలా బాధపెట్టింది.

స్వాతంత్ర్యం తరువాతి కథను కొంచెం వేగంగా చెబుతాను. 1949లో రక్షణ మంత్రి కమిటీ నిర్ణయం మేరకు డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం అయింది. బడిపిల్లలు చొక్కాకు పెట్టుకునే ఆ చిన్న జెండా కాగితం డబ్బు యుద్ధంలో గాయపడినవారికి, అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు వెళుతుంది. 1964లో కరియప్ప గారి లీగ్. 1971 యుద్ధం మిగిల్చిన వితంతువుల కోసం 1972లో ఢిల్లీలో మోహినీ గిరి గారు వార్ విడోస్ అసోసియేషన్ ప్రారంభించారు. 2003 ఏప్రిల్ 1 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం వచ్చింది. అంతకుముందు మిలిటరీ ఆసుపత్రికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మాజీ జవానుకు పెద్ద జబ్బు చేస్తే పొలం అమ్ముకోవడమే దారి. 2004లో రక్షణ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఈ కాలమంతటా సంఘాలను ఒక తాటి మీదికి తెచ్చిన విషయం పింఛను. 1973లో మూడో వేతన సంఘం తరువాత సైనికుల పింఛను లెక్క మారిపోయింది. అప్పటి నుంచి ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవారికి, వారు ఇంటికి వచ్చిన సంవత్సరాన్ని బట్టి వేర్వేరు పింఛన్లు వచ్చాయి. ముందు విరమించిన హవల్దారుకు, తరువాత విరమించిన సిపాయి కంటే తక్కువ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. "ఒకే ర్యాంకు ఒకే పింఛను" అన్న కోరిక అక్కడ పుట్టింది. 2009లో మాజీ సైనికులు తమ పతకాలను రాష్ట్రపతికి తిరిగి ఇచ్చేశారు. 2011 డిసెంబరులో రాజ్యసభ పిటిషన్ల కమిటీ ఈ కోరిక న్యాయమైనదని నివేదిక ఇచ్చింది. 2015 వేసవిలో జంతర్ మంతర్ దగ్గర వృద్ధులు రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. సెప్టెంబరు 5న ప్రకటన, నవంబరు 7న ఉత్తర్వు వచ్చాయి. 2014 జూలై 1 నుంచి అమలు, అయిదేళ్లకోసారి సవరణ. 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఆ విధానం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. అందులో లోపాలు ఉన్నాయని వాదించేవారు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. వారి వాదనలో బలం ఉంది. అయినా నలభై ఏళ్లు పట్టువదలకుండా అడిగిన సంఘాలు లేకపోతే ఆ ఉత్తర్వు వచ్చేది కాదన్నది మాత్రం నిజం.

కానీ ఆ పోరాటంలో ఒక నష్టం కూడా జరిగింది. పింఛను పెంపు కోసం పోరాడే సంఘానికి పింఛనుదారే సహజ సభ్యుడు. క్రమంగా మన సమావేశాలు, మన చందాలు, మన నిబంధనలు అన్నీ ఆయన చుట్టూ తిరిగాయి. పింఛను లేనివాడు వెనక బెంచీలోకి, అక్కడి నుంచి గుమ్మం బయటికి జరిగిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. ఆయనకు అక్కడ పని లేకుండా పోయింది.

సంఘం నిజంగా చేసే పనులను దగ్గరి నుంచి చూస్తే ఈ విషయం మరింత తెలుస్తుంది. బయటివారు మన సంఘాన్ని క్యాంటీను కార్డు కోసం, జెండా వందనం కోసం ఉన్నదనుకుంటారు. ఆ రెండూ ఉన్నాయి. అయితే సంవత్సరంలో మన సమయాన్ని ఎక్కువగా తీసుకునేది ఒక్క అక్షరం తేడా.

మన తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. భర్తీ ర్యాలీలో ఉత్తరాది క్లర్కు "మీ సర్ నేమ్ ఏది" అని అడిగితే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఏదో చెబుతాడు. పుస్తకంలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివరన పడుతుంది. తరువాత పెళ్లి. భార్య పేరు నమోదు చేయించమంటే సెలవు మీద వచ్చి వెళ్లిన జవాను ఇంట్లో పిలిచే పేరు రాయిస్తాడు. పుట్టింట్లో పెట్టిన పేరు ఒకటి, అత్తింట్లో పిలిచే పేరు ఇంకొకటి, ఆధార్ తీసిన కుర్రవాడు టైపు చేసింది మరొకటి. నలభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు, పట్టవలసిన అవసరమూ రాలేదు. భర్త పోయిన రోజున అది ఆమె నెత్తిన పడుతుంది.

నేను పేరు చెప్పను. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి మా బల్ల ముందుకు వచ్చి ప్లాస్టిక్ సంచిలోంచి పీపీవో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు, తీసి పెట్టారు. అందులో ఆమె పేరు "లక్ష్మి". ఆధార్‌లో "వెంకటలక్ష్మమ్మ". భర్త పోయి పద్నాలుగు నెలలైంది. కుటుంబ పింఛను ఒక్క రూపాయి రాలేదు. ఒక కార్యాలయంలో ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు, మరొక కార్యాలయంలో అది తమ పని కాదన్నారు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "నాయనా, నేను ఆయన భార్యను కానని రాశారా అందులో?" ఆమెకు డబ్బు రాకపోవడం కంటే ఆ అనుమానమే ఎక్కువ బాధగా ఉంది. అఫిడవిట్ రాయించి, తహసీల్దారు దగ్గర ధ్రువపత్రం తీసుకుని, బతికి ఉన్న ఇద్దరు పాత సహోద్యోగుల చేత సంతకాలు పెట్టించి, రికార్డు ఆఫీసుకు పంపి, పేరు సరిదిద్దిన ఉత్తర్వు వచ్చేదాకా వెంటపడ్డాం. ఏడు నెలలు పట్టింది. ఆ కాగితం చదివి వినిపించినప్పుడు ఆమె బకాయి ఎంత వస్తుందని అడగలేదు. పేరు ఉన్న చోట వేలు పెట్టి చూపించమన్నారు. క్లర్కుగా నేను సర్వీసులో రాసిన వేల పేర్లలో ఎన్ని ఇలా తప్పు పోయి ఉంటాయో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడున్న ప్రతి సోదరుడికీ నా ప్రార్థన. ఈరోజే ఇంటికి వెళ్లి మీ పీపీవో, మీ భార్య ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే మీరు బతికి ఉండగానే సరిచేయించండి. మీ సంతకంతో కొన్ని వారాల్లో అయ్యే పని, మీ తరువాత ఆమెకు సంవత్సరాలు పడుతుంది.

రెండోది వేలిముద్ర. పింఛనుదారు ఏటా బతికి ఉన్నానని చెప్పుకోవాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక కాగితం బదులు యంత్రం మీద వేలు పెడితే చాలన్నారు. మంచి ఏర్పాటు. కానీ పదిహేడేళ్లు సైన్యంలో, ఆపైన ముప్పై ఏళ్లు పొలంలో చేసిన చేతికి వేలిగీతలు మిగలవు. వేడినీళ్లలో కడిగి, తుడిచి, ఆరు వేళ్లు మార్చి పెట్టినా యంత్రం ఒప్పుకోని పెద్దవారిని ప్రతి నవంబరులోనూ చూస్తున్నాం. 2021 నుంచి ముఖం చూపించి నమోదు చేసే వీలు వచ్చింది. మన సంఘం యువకులు ఇద్దరు ఫోనులు పట్టుకుని, మంచం దిగలేని పెద్దల ఇళ్లకు వెళ్లి ఆ పని చేసి వస్తున్నారు. పింఛన్లను ఆన్‌లైన్‌లో నడిపే స్పర్శ్ విధానం వచ్చాక ఈ అవసరం మరింత పెరిగింది. బ్యాంకు గుమాస్తా ముఖం తెలిసిన రోజులు పోయాయి. అన్నీ పోర్టల్లోనే.

మూడోది భూమి. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూములు మామూలు అసైన్డ్ భూముల వంటివి కావు, పదేళ్లు దాటితే అమ్ముకునే హక్కు ఉంటుంది. అయినా నిషేధిత జాబితాలో, అదే 22-ఏ జాబితాలో, సర్వే నంబరు చేరిపోయి కూతురి పెళ్లికి రిజిస్ట్రేషను ఆగిపోయినవారు ఎందరో. ఈ విషయం మీద వచ్చే నెల విడిగా సమావేశం ఉంది కనుక ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు పింఛను లేనివారి దగ్గరికి వస్తాను. అనారోగ్యంతోనో, ఇంటి పరిస్థితుల వల్లనో పదిహేనేళ్లు నిండకముందే బయటికి వచ్చిన జవాన్లు మన చుట్టూ ఉన్నారు. అరవై అయిదేళ్లు దాటి, పింఛను లేకుండా, హవల్దారు లేదా అంతకు తక్కువ ర్యాంకులో విరమించినవారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలనెలా పేదరిక సహాయం ఉంది. అది నెలకు 4,000 రూపాయలుగా ఉండేది, 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. పిల్లల చదువు సాయాన్ని ఒక్కొక్కరికి నెలకు 1,000 నుంచి 2,000కు, పెళ్లి సాయాన్ని 50,000 నుంచి లక్షకు పెంచారు. ఆ పేదరిక సహాయం ఎవరి కోసం పెట్టారో వారిలో చాలామంది ఏ వాట్సాప్ గుంపులోనూ లేరు. గుంపులో ఉన్నది పింఛనుదారులం. వారి కోసం పెట్టిన వార్త మనకు వస్తోంది, మనం చదివి పక్కకు నెడుతున్నాం.

వీరనారుల విషయంలోనూ నియమం మనిషిని ఎలా చూస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. శౌర్య పతకం పొంది అమరుడైన సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ పతకానికి వచ్చే భత్యం ఆగిపోయేది. చనిపోయిన భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం కొనసాగేది. ఇరవై రెండేళ్ల అమ్మాయి జీవితాన్ని ఆ షరతు ఎటు తోసిందో ఊహించండి. 2017 నవంబరులో దాన్ని తొలగించారు. నియమాలు మారతాయి, కానీ అవి ఎక్కడ గుచ్చుకుంటున్నాయో చెప్పేవారు ఉండాలి.

ఇక తీర్మానంలో ఎక్కువ చర్చకు వచ్చే భాగం అగ్నివీరులు. 2022లో నాలుగేళ్ల సర్వీసుకు కుర్రవాళ్లను తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చింది. 2023 జనవరిలో సైన్యంలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కు ఈ 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. వారిలో గరిష్ఠంగా నాలుగో వంతు మందిని సర్వీసులో ఉంచుకుని, మిగిలినవారిని సేవానిధి పేరుతో సుమారు 11.71 లక్షల రూపాయలు ఇచ్చి ఇంటికి పంపుతారు. పింఛను లేదు. ఇ.సి.హెచ్.ఎస్. లేదు. ప్రస్తుత నిబంధనల ప్రకారం వారికి మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. ఆ పథకం మంచిదా కాదా అన్నది ఈ సభ తేల్చే విషయం కాదు, దాని మీద మన మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ వచ్చే సంక్రాంతికి మన జిల్లాలోనే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు సియాచిన్ చలినో, నౌక డెక్కునో చూసి ఇల్లు చేరతారు. వారి సర్వీసు ఎంత? నాలుగేళ్లు. చీర అంచు రిబ్బను కట్టుకుని బడికి వచ్చిన ఆ పెద్దాయన సర్వీసు ఎంత? దాదాపు అంతే.

"వారిని చేర్చుకుంటే మన ఓట్లు మన చేతిలో ఉండవు, చందా కట్టరు, రాజకీయాలు వస్తాయి" అని కొందరు పెద్దలు నాతో అన్నారు. వారి ఆందోళనను నేను తేలికగా తీసుకోను. అందుకే కార్యవర్గ పదవులకు అయిదేళ్ల సభ్యత్వం ఉండాలన్న షరతును తీర్మానంలో ఉంచాం. "మాజీ సైనికుడంటే ప్రభుత్వ నిర్వచనం ఉంది కదా" అని ఇంకొకరు అన్నారు. నిజమే. రిజర్వేషనుకు, క్యాంటీనుకు, పింఛనుకు ఆ నిర్వచనమే చెల్లుతుంది, దాన్ని మార్చే అధికారం మనకు లేదు. మన సంఘం తలుపు ఎవరికి తెరవాలన్నది మాత్రం సొసైటీ చట్టం మన సర్వసభ్య సమావేశానికే వదిలింది. హాజరైనవారిలో అయిదింట మూడు వంతుల మంది చేతులెత్తితే చాలునని మన నిబంధనావళి చెబుతోంది.

తీర్మానం ప్రతి మీ కుర్చీల మీద ఉంది. రెండో పేజీ, నాలుగో వాక్యం చూడండి. "సైనిక పింఛను పొందుచున్న" అన్న మూడు మాటలను తీసివేసి, వాటి స్థానంలో "సాయుధ దళాలలో ఎంత కాలమైనా సేవ చేసి గౌరవంగా విడుదలైన" అని చేర్చాలని కోరుతున్నాం. దానికి దిగువన, ఊరూరా తిరిగి పింఛను లేని మాజీ సైనికుల, వారి వితంతువుల జాబితా తయారు చేయడానికి ఒక్కొక్క మండలానికి ఇద్దరు సభ్యులను నియమించాలన్న అంశం ఉంది. ఆ ఇద్దరిలో ఒకరిగా నా పేరు మా మండలానికి ఇప్పటికే రాసి ఇచ్చాను. మిగిలిన మండలాల గళ్లు ఖాళీగా ఉన్నాయి. కార్యదర్శి గారు కలం తెచ్చి బల్ల మీద పెట్టారు.

జై హింద్.